గుడ్డు పూసిన రొట్టె

దారం కత్తెర మొనతో నెవెంకా పిండి పురికి చిన్న చిన్న గాట్లు పెట్టింది. అటొకటి, ఇటొకటి, మళ్లీ అటొకటి. ఏడు గాట్లకి అది గోధుమ కంకి అయింది. కత్తి అంచుతో మెల్లగా లేపి, తడిగుడ్డ పరిచిన పళ్లెంలో మిగతా కంకుల పక్కన పడుకోబెట్టింది. ఇరవై మూడేళ్లు ఈ కత్తెర ఆమె మెడలో ఎర్ర నాడాకి వేలాడింది. లోదుస్తుల ఫ్యాక్టరీలో నడుము పట్టీ కుట్టడం, దారం తెంచడం, తర్వాతది అందుకోవడం. ఆఖరి రోజున అన్నీ అప్పజెప్పి పొమ్మన్నారు. ఇది మెడలోనే ఉండిపోయిందని ఇంటికొచ్చాక అద్దంలో చూసుకుంది.

"ఎన్నయ్యాయి?" అంది యానా, బల్ల ఆ చివర లెక్కల పుస్తకం ముందు కూర్చుని. పద్నాలుగేళ్ల పిల్ల. తలెత్తకుండానే అడిగింది.

"అరవై రెండు."

"రొట్టెకి తొమ్మిది. పదకొండు రొట్టెలకి తొంభై తొమ్మిది. ఇంకా పిట్టలు చెయ్యాలి. తిమారెవిచ్ గారింటికి ద్రాక్ష గుత్తి కూడా కావాలన్నారు."

"నాకు గుర్తుంది."

"గుర్తుంటుందనే ఫ్రిజ్ మీద అంటించాను."

ఫ్రిజ్ తలుపు మీద యానా పెద్దక్షరాలతో రాసిన కాగితం ఉంది. 'పదకొండూ నియమం రొట్టెలే! పాలు లేవు. వెన్న లేదు. నీళ్లు, నూనె.' ఇంటి వేల్పుగా మిఖాయిల్ దేవదూతని కొలిచే వాళ్ల పండుగ ఈ శుక్రవారమే. ఆయన పండుగ ఎప్పుడూ క్రిస్మస్ ముందరి ఉపవాసాలకి వారం ముందు పడుతుంది. అందుకని ఆ రోజు బల్ల మీద పందిమాంసం, మీగడ, అన్నీ ఉంటాయి. ఈ ఏడు మాత్రం శుక్రవారం పడింది. శుక్రవారమంటే మాంసం లేదు, గుడ్డు లేదు, పాలచుక్క లేదు; చేప మాత్రం పర్లేదు. మధ్యలో ఉండే కొలాచ్ రొట్టెకి కూడా అదే నియమం. ఫాదర్ వచ్చి మంత్రం చదివి, దాన్ని ఇంటివాళ్లందరి చేతుల మీదా తిప్పి, ఎర్ర ద్రాక్షసారా పోసి కోస్తాడు.

నెవెంకా ఫోనులో పేజీ తెరిచి మూడు నెలలైంది. ఇప్పటిదాకా వారానికొకటో రెండో అడిగారు. ఒకేసారి పదకొండు ఇళ్లు అడగడం ఇదే మొదలు. ఇవి నచ్చితే డిసెంబరులో నికొలాయ్ పండుగకి అడుగుతారు. వాళ్ల ఊరు లెస్కోవాట్స్‌లో సగం ఇళ్లకి నికొలాయే వేల్పు. వాళ్లడిగితే ఆమె పరాయి దేశంలో పనికి బస్సెక్కక్కర్లేదు.

తలుపు కొట్టకుండా లోపలికొచ్చింది పక్కింటి జివ్కా. ఎప్రన్ కొంగులో ఏదో మూటగట్టుకుని, మోకాలితో తలుపు మూసింది. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి.

"పన్నెండు. నా కోళ్లకి ఈ వారం బుద్ధొచ్చింది. పిల్లకి పెట్టవే, ఎండబెట్టిన మిరపకాయలా ఉంది."

"జివ్కా బామ్మా, ఎండుమిరపకాయకే ఘాటెక్కువ," అంది యానా.

"ఆ నోటికి కూడా ఒక గుడ్డు పెట్టు."

నెవెంకా నవ్వి గుడ్లు ఒక్కొక్కటే తీసి పొయ్యి పక్కన గిన్నెలో పెట్టింది. అప్పుడే ఫోను మోగింది. ఆస్ట్రియాకి మనుషుల్ని పంపే వెస్నా. నెవెంకా చేతులు తుడుచుకుని స్పీకరు నొక్కింది.

"ఆదివారం పొద్దున ఐదింటికి బస్సు. మూడు నెలలుండాలి, మూడు వారాలు ఇంటికి రావచ్చు. ముసలావిడ మంచం మీదే ఉంది గానీ మంచిది, అరవదు. నీకోసం సీటు పట్టి ఉంచాను నెవెంకా, శుక్రవారం సాయంత్రం ఆరింటిదాకా. ఆ తర్వాత నేనేం చెయ్యలేను, వెనక పది మంది ఉన్నారు."

"శుక్రవారం చెప్తాను."

"ఏం చెప్తావో నాకు తెలుసు. ఈ ఊళ్లో ఇంకేముందని? మేజోళ్లు ఉన్నివి తెచ్చుకో."

నెవెంకా ఫోను పెట్టేసింది. యానా పేజీ తిప్పింది. తండ్రి పోయి ఆరేళ్లు. తల్లి వెళ్తే ఆమె కొండ మీద ఊళ్లో మేనత్త దగ్గరుండాలి.

"అక్కడ బడి లేదుగా. మేకలకి లెక్కలు చెప్తాలే," అంది చివరికి.

నెవెంకా మరో పిండి పురి చేతిలోకి తీసుకుంది. అటొకటి, ఇటొకటి.

*

గురువారం ఇంకా చీకటుండగానే లేచింది. ఆమె ఓవెన్‌లో ఒకసారికి రెండే పడతాయి. రెండు కాలుతుంటే రెండు పొంగుతుండాలి, ఇంకో రెండిటికి పిండి కలుస్తుండాలి. గోరువెచ్చని నీళ్లు, నూనె, ఈస్టు, చెంచాడు చర్చిలో మంత్రించిన నీళ్లు. మణికట్టుతో నెట్టి, మడిచి, తిప్పి, మళ్లీ నెట్టి. పిండి చేతికంటడం మానేసి చెంపలా మెత్తబడ్డాక గుడ్డ కప్పేది. పొంగాక మూడు పాయలుగా సాగదీసి అంచు చుట్టూ జడ అల్లేది. మధ్యలో సిలువ, దాని మీద చెక్క ముద్ర. కంకుల్నీ పిట్టల్నీ వేలి కొనతో నీళ్లు రాసి అతికించేది. అవి ఈస్టు వేయని పిండివి. కాలినా తెల్లగానే ఉంటాయి. కింద రొట్టె గోధుమ రంగులో మెరవాలి, పైన పూత తగలని కంకులు తెల్లగా నిలబడాలి. అదే అందం.

మెరుపు కోసం ఒక గ్లాసులో చిక్కటి టీ కాచి, చక్కెర బాగా వేసి కిటికీలో చల్లారబెట్టుకుంది.

మూడో విడత లోపల పెట్టేసరికి తెల్లారింది. యానా నిలబడే రొట్టెముక్క తిని బడికి పోయింది. నెవెంకాకి ఆ పూట కూర్చోవడమన్నది లేదు. చేతులకి వేగం వచ్చేసింది. ఫ్యాక్టరీలో కూడా పదకొండు గంటలయ్యేసరికి ఇలాగే ఉండేది. తల ఎక్కడో ఉండేది, చేతులు పని చేసుకుపోయేవి. పక్క మిషను మీద ఎవరో పాడుతుంటే పాట అయ్యేసరికి ముందు గుట్ట పేరుకునేది.

ఒంటిగంటకి పదకొండూ అయ్యాయి. బల్ల మీద ఐదు, గుడ్డ పరిచిన మంచం మీద ఆరు. కిటికీలోంచి వెలుగు పడితే నున్నగా, ఎర్రగా, రంగేసిన చెక్కలా మెరిశాయి. కంకులు తెల్లగా లేచి నిలబడ్డాయి. నెవెంకా ఒకదాని ముందు వంగి చూసింది. ఇంత బాగా ఎప్పుడూ రాలేదు. ఫొటో తీసి పేజీలో పెట్టింది. కాసేపట్లోనే ఎర్ర గుండెలు పడటం మొదలైంది.

ఇక శుభ్రం చేద్దామని తొట్టి దగ్గరకి వెళ్లింది.

తొట్టి అంచున గుడ్డు పెంకులున్నాయి. నాలుగు, ఒకదానిలో ఒకటి పెట్టి ఉన్నాయి. పెంకులు అలా దొంతర పెట్టడం ఆమె అలవాటే. ఈ ఇంట్లో ఇంకెవరూ అలా పెట్టరు.

వాటివైపు చూస్తూ నిలబడింది. పెంకుల పక్కన కప్పు. కప్పులో అడుగున పచ్చసొన ఆరిపోయి పసుప్పచ్చ వలయం. దానిలో కుంచె, వెంట్రుకలు బిగుసుకుపోయి ఉంది. తల తిప్పి కిటికీ వైపు చూసింది. టీ గ్లాసు పెట్టినచోటే ఉంది. ముట్టుకోలేదు. పైన పొర కట్టింది.

చెయ్యి ఎప్పుడు గుడ్డు కొట్టిందో గుర్తు తెచ్చుకోబోయింది. గుర్తు రాలేదు. పాతికేళ్లుగా సొంత పండుగ మే నెలలో, గుడ్డు పూతతోనే చేసింది. పూత వేసే వేళకి చెయ్యి గుడ్డు కోసమే వెళ్తుంది.

యానా బడి నుంచి వచ్చేసరికి తల్లి స్టూలు మీద కూర్చుని ఉంది. పెంకులు ఒళ్లో ఉన్నాయి. వెనకాలే జివ్కా కూడా వచ్చింది. "ఫొటో చూశానే! పెళ్లికూతుళ్లలా ఉన్నాయి," అంటూ వచ్చి, నెవెంకా ఒళ్లో చూసి ఆగిపోయింది.

"నీ చేతులు పడిపోనూ," అంది జివ్కా, చాలా మెల్లగా.

"అన్నిటికీనా?" అంది యానా.

"అన్నిటికీ."

యానా సంచీ దించకుండానే నిలబడి మాట్లాడింది. "ఎవరికి తెలుస్తుంది? టీ పూసినా మెరుస్తుంది. లోపల పిండి నియమందే. పైన ఇంత పల్చటి పొర. దేవుడు నాకి చూస్తాడా?"

"అదీ నిజమే," అంది జివ్కా. "మా పెద్దాడి పెళ్లి శుక్రవారం నాడు చారులో వెన్న పడింది. నేనే వేశాను. ఎవరైనా చచ్చారా? ఒక్క మా ఆయన పోయాడు, అదీ పదిహేనేళ్ల తర్వాత."

నెవెంకా ఆమె వైపు చూసింది. "పిన్నీ, మీ ఇంటి పండక్కి నేను ఇలాంటి రొట్టె ఇచ్చి చెప్పకపోతే? తర్వాత నీకు తెలిస్తే?"

జివ్కా ఎప్రన్ సర్దుకుంది. "చీపురు తిరగేస్తా," అంది.

"బామ్మా!" అని యానా అరిచింది. తల్లివైపు తిరిగింది. "చెప్తే అందరూ వద్దంటారు. నికొలాయ్‌కి ఎవరూ అడగరు. ఆదివారం నువ్వెళ్తావు. ఎవరో ముసలామె దుప్పట్లు మారుస్తావు. నేనా మేకల దగ్గర... అమ్మా, నోరు మూసుకోవడం అంత కష్టమా? ఒక్క రోజు."

నెవెంకా గోడ గడియారం వైపు చూసింది. మళ్లీ కాల్చాలంటే రేపు పొద్దున ఏడింటికల్లా పదకొండు, ఒకసారికి రెండు. కంకులకీ పిట్టలకే రెండు రోజులు పట్టాయి. ఆపైన పొంగడానికి ఒక గంట, కాలడానికి ఒక గంట. లెక్క వేస్తుంటే వేళ్లు ఒళ్లో పెంకుల్ని పొడి చేస్తున్నాయి. కాదు. ఎలా వేసినా కాదు.

*

మూడింటికి మొదటి కారు గేటు ముందు ఆగింది. తిమారెవిచ్ గారి రొట్టె కోసం. ఈ రొట్టె అడిగేదాకా నెవెంకా ఆ పేరు ఎప్పుడూ వినలేదు. లోపలికి వచ్చింది మాత్రం ఒలివెరా. ఒంటె రంగు కోటు, జుట్టుకి కొత్తగా రంగు. ఫ్యాక్టరీలో సిబ్బంది కాగితాలు చూసిన మనిషి. పుట్టింటి పేరుతోనే అందరికీ తెలుసు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"నెవెంకా! ఈ పేజీ నీదా?" ఒలివెరా ముందుగా తేరుకుంది. "చూశావా మరి. నువ్వు నిలదొక్కుకుంటావని నేను అప్పుడే అన్నాను."

"కూర్చోండి ఒలివెరా గారూ."

"కూర్చునే టైము లేదు, చేపలు పొయ్యి మీద పెట్టొచ్చాను. అబ్బ, ఎంత బాగుంది! మాదేనా ఇది, ద్రాక్ష గుత్తిది?"

నెవెంకా ఆ రొట్టెని అట్టపెట్టెలో పెట్టింది. మూత చేతిలోనే ఉంది. యానా తలుపు దగ్గర నిలబడి తల్లి మొహంలోకి చూస్తోంది, కళ్లార్పకుండా.

"దీనికి గుడ్డు పూశాను," అంది నెవెంకా. "పొరపాటున. పదకొండిటికీ."

యానా గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఒలివెరా ఒక క్షణం అర్థం కానట్టు చూసి, తర్వాత నవ్వింది. దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "ఎవరికైనా చెప్పావా?"

"మీకే మొదట."

"మంచిది. ఇంకెవరికీ చెప్పకు. నీ మంచికే అంటున్నా. పూతేగా! ఫాదర్ భూతద్దం పెట్టుకొస్తాడా? మూత పెట్టు, నేను తీసుకెళ్తాను. నేనేమీ అనుకోను." నెవెంకా చెయ్యి మీద చెయ్యి వేసి తట్టింది. "చిన్న విషయం నెవెంకా. పైకి కనపడనిది లేనట్టే."

ఫిబ్రవరిలో కూడా ఈ చెయ్యే తట్టింది. కాగితం మీద గీత చూపించి, ఎర్ర గోరు ఆనించి, ఇక్కడ, చిన్న విషయం, అందరూ పెట్టారు, అంది. 'నా ఇష్టంతోనే మానుకుంటున్నాను' అని అందులో ఉందని ఉపాధి ఆఫీసు కిటికీలో అమ్మాయి పైకి చదివితేనే నెవెంకాకి తెలిసింది. ఇష్టంతో మానుకున్న వాళ్లకి ఏ భృతీ లేదు.

ఒలివెరా పెట్టె పట్టుకుంది. నెవెంకా రెండో వైపు వదల్లేదు.

"ఇంట్లో వాళ్లకి చెప్పి కోస్తారా?"

"ఎందుకూ? మా అత్తగారికి తెలిస్తే ముద్ద ముట్టదు."

"అయితే ఇవ్వను."

"ఏంటీ?"

"ఇవ్వను ఒలివెరా గారూ. ఇది ఎవరికీ ఇవ్వడానికి కాదు."

ఒలివెరా చేతులు వెనక్కి తీసుకుంది. మొహం ఎర్రబడింది. "పిచ్చా నీకు? రేపు ఎనిమిదింటికి ఫాదర్ వస్తున్నారు. ఇరవై మంది భోజనానికి. ఏ బేకరీ ఇప్పుడు తీసుకుంటుంది? మా ఇంట్లో రొట్టె కలిపిన వాళ్లెవరూ లేరు. నెవెంకా, అలా చెయ్యకు. దయచేసి." చివరి మాట ఆమె నోట్లోంచి కష్టంగా వచ్చింది.

నెవెంకా ఆ మాటకి సంతోషపడదామని చూసింది. లోపల ఏమీ కదల్లేదు. ఓవెన్ తలుపు వైపు చూసింది. రెండే పడతాయి.

"మీ ఇంట్లో ఓవెన్ ఉందా?"

"ఉండకుండా ఎలా ఉంటుంది?"

"అయితే ఆరింటికి మీ పళ్లెం పట్టుకుని రండి. పిండి నేను కలిపి పెడతాను. మీరే అల్లండి, నేను చూపిస్తాను. కంకులు పెట్టిస్తాను. ఇంటికి తీసుకెళ్లి కాల్చుకోండి, పైన టీ పూసుకోండి."

ఆ మాట అనేశాక, అదే మాట మిగతా పది ఇళ్లకీ చెప్పొచ్చని ఆమెకి తట్టింది.

*

కిటికీ దగ్గర నిలబడి పదిసార్లు ఫోను చేసింది. ప్రతిసారీ ముందు పేరు చెప్పి, తర్వాత గుడ్డు సంగతి చెప్పి, ఆగి, తిట్లన్నీ విని, అప్పుడు ఓవెన్ సంగతి చెప్పింది. ఒకామె, "అవి బాప్తిస్మం పొందిన చేతులేనా?" అని పెట్టేసింది. ఒకాయన పకపకా నవ్వి, మా ఇంట్లో ఎవడికీ నియమం లేదు, అందరికీ చెప్పే కోస్తాను, అలాగే పంపమ్మా అన్నాడు. ఆమెతో కలిపి ఐదుగురు వద్దన్నారు. నలుగురు వస్తామన్నారు, అదీ ఊళ్లో ఇంకెక్కడా దొరకదు గనక.

ఆరింటికి వంటగదిలో కాలు పెట్టే చోటు లేదు. నలుగురు ఆడవాళ్లు, నాలుగు పళ్లేలు. ఐదో పళ్లెంతో ఒలివెరా అందరికంటే వెనకొచ్చి కోటు విప్పకుండా తలుపుకి ఆనుకుని నిలబడింది. యానా గదిలోంచి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా, పొయ్యి పక్కన కూర్చుని కంకులు కత్తిరిస్తోంది. మధ్యమధ్యలో పేజీ కింద జనం రాసింది ఫోనులో చూసి పైకి చదువుతోంది.

"'ఈమె చేత్తో రొట్టె తినేకన్నా టైరు నమలొచ్చు.' దీనికి నలభై గుండెలు."

"చదవకు," అంది నెవెంకా.

"నువ్వేగా అందరికీ చెప్పావు."

తమారా అనే పిల్ల అందరిలోకీ చిన్నది, పాతికేళ్లుండవు. పిండి ముద్ద ముందు చేతులు ముడుచుకుని నిలబడింది. "నాకు భయంగా ఉంది పిన్నీ. అత్తగారింట్లో నాకిదే మొదటి పండుగ. రొట్టె నేనే చేస్తానని గొప్పలు పోయాను. మీ దగ్గర తెచ్చి నాదేనని చెబుదామనుకున్నాను."

పక్కనున్నామె జడ పాయ సాగదీస్తూ, "నేను తొమ్మిదేళ్లుగా చెప్తున్నాను ఆ మాట. మా ఆయన ఇప్పటికీ నమ్ముతున్నాడు," అంది. అందరూ నవ్వారు. జివ్కా నవ్వు అన్నిటికన్నా పైకి వినిపించింది.

"పిండిని జాలిపడి పట్టుకోకు పిల్లా," అంది జివ్కా తమారాతో. "మొగుణ్ణి అనుకో. నెట్టు."

నెవెంకా ఒకరి దగ్గర్నుంచి ఒకరి దగ్గరకి వెళ్తోంది. ఇక్కడ పల్చనైంది. ఇక్కడ నీళ్లెక్కువ. పాయ కింద నుంచి రావాలి, పైనుంచి కాదు. ఒలివెరా దగ్గరకి వచ్చేసరికి ఆమె వేళ్ల నిండా పిండి, ఉంగరాల్లోకి కూడా దూరింది.

"ఉంగరాలు తీసెయ్యండి."

తీసింది. కోటు కూడా తీసింది. జడ చివర రెండుసార్లు ఊడింది. మూడోసారి నెవెంకా ఆమె చూపుడువేలు పట్టుకుని, రెండు పాయలు కలిసే చోట ఆనించింది.

"ఇక్కడ. ఇక్కడ నొక్కండి."

ఒలివెరా తలెత్తింది. వేలు నెవెంకా చేతిలోనే ఉంది. పెదాలు తడుపుకుంది. "ఆ కాగితం... నాకు పైనుంచి..."

"ఎండిపోతోంది," అంది నెవెంకా. "నీళ్లు రాయండి."

*

శుక్రవారం ఊరంతా చేపల వేపుడు వాసన. ప్రతి రెండో ఇంటి ముందూ కార్లు ఆగి ఉన్నాయి. నెవెంకా ఇంటి వేల్పు మిఖాయిల్ కాదు, ఆమె ఇంటికి ఎవరూ రారు. బల్ల మీద పది రొట్టెలు మెరుస్తూనే ఉన్నాయి. జివ్కా వచ్చి వాటిలో రెండు తీసుకెళ్లింది, రేపు తినొచ్చని. మిగతావాటిని ఏం చెయ్యాలో ఇంకా అనుకోలేదు. అలాంటి రొట్టెని పారెయ్యకూడదు.

మధ్యాహ్నం దాకా ఫోను మూగదైంది. పేజీలో కొత్త తిట్లు కూడా లేవు. జనానికి పండుగ ఉంది. ఒంటిగంటకి ఆమె బీరువా మీద నుంచి సూట్‌కేసు దించింది. దుమ్ము తుడిచింది. ఉన్ని మేజోళ్లు రెండు జతలు, ఇంట్లో తొడుక్కునే చెప్పులు, భర్త స్వెట్టరు. యానా బడి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది. "మంచం మీద పెట్టకు, అపశకునం," అంది. తనే సూట్‌కేసుని నేల మీదికి దించింది. తర్వాత అటకెక్కి, తను తీసుకెళ్లాల్సిన బట్టలకి సంచీ వెతకడం మొదలుపెట్టింది. నెవెంకా ఆ అటక మీది చప్పుడు వింటూ కూర్చుంది. పిల్ల ఏడవడం లేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

నాలుగింటికి తమారా ఫొటో పంపింది. రొట్టె ఒకవైపు ఒరిగింది. ఎడమ అంచు మాడింది. ఒక పిట్ట జారి కంకుల మీద పడుకుంది. కింద రాసింది: 'మా అత్తగారు అటూ ఇటూ తిప్పి చూసి, ఈ ఇంట్లో చేత్తో చేసినట్టు తెలిసే రొట్టె పదిహేనేళ్ల తర్వాత చూశాను అన్నారు. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను పిన్నీ.'

తర్వాత ఇంకొకటి వచ్చింది. 'మా అక్క దూరాన నోవీ సాద్‌లో ఉంటుంది. నికొలాయ్ పండుగకి మీ కంకులూ పిట్టలూ మాత్రం ఆరబెట్టి పోస్టులో పంపగలరా? రొట్టె తనే చేసుకుంటుంది, ఫోనులో చూపిస్తే. మా వీధిలో ఇద్దరికి కూడా కావాలి.'

నెవెంకా రెండుసార్లు చదివింది. ఒక్కో మాటా వేలితో పట్టుకుని చదివినట్టు చదివింది. "రొట్టె లేకుండా కంకులు ఎవరు కొంటారు?" అని అటక వైపు అడిగింది.

యానా తల కిందికి వచ్చింది, జుట్టు నిండా దుమ్ము. "రొట్టె చేసేవాళ్లు," అంది. ఆగి, మళ్లీ అంది. "అమ్మా, రొట్టె ఈ ఊరు దాటదు. మర్నాటికి గట్టిపడుతుంది. ఇవి ఎండితే విరగకుండా వెళ్తాయి. పోస్టులో."

"మూడు ఇళ్లు," అంది జివ్కా, ఎప్పుడొచ్చిందో తలుపు దగ్గర నిలబడి. "మూడు ఇళ్లతో చలికాలం గడుస్తుందా? తొందరపడకు నెవెంకా. ఆస్ట్రియాలో కనీసం జీతమిస్తారు. మూడు ఇళ్లు ఎక్కడ, ఆ జీతమెక్కడ?"

జివ్కా చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. నెవెంకా లేచి గిన్నె తీసింది. పిండి పోసింది, ఈస్టు లేకుండా. ఉప్పు వేసింది, చెమ్మ లాగి గట్టిగా ఎండుతుందని. నీళ్లు కొంచెం కొంచెంగా పోసింది. నిన్నటిదానికంటే గట్టిగా కలపాలి, పోస్టు మనుషులు సంచులు విసిరేస్తారు. మణికట్టుతో నెట్టింది. మడిచింది. సూట్‌కేసు నేల మీద తెరుచుకునే ఉంది. మేజోళ్లు అందులోనే ఉన్నాయి.

కిటికీ బయట మసకబడింది. చర్చి గంట ఆరు కొడుతుండగా ఫోను మోగింది. తెర మీద వెస్నా పేరు. నెవెంకా చేతుల వైపు చూసుకుంది, మోచేతుల దాకా పిండి. యానా అటక దిగి వచ్చి ఫోను తీసి, ఆమె చెవికి ఆనించింది. వేళ్లు చల్లగా తగిలాయి.

"ఏమంటావ్ నెవెంకా? పేరు రాయనా?"

"నా చేతులు పిండిలో ఉన్నాయి వెస్నా. సీటు ఇంకెవరికైనా ఇచ్చెయ్."

"బాగా ఆలోచించుకున్నావా?"

"లేదు," అంది నెవెంకా.

వెస్నా ఫోను పెట్టేసింది. నెవెంకా పిండి మడిచి మళ్లీ నెట్టింది. యానా మాత్రం చప్పుడు లేని ఆ ఫోనుని తల్లి చెవి దగ్గరే పట్టుకుని నిలబడింది.